కామేశ్వరి ఒపేరా ముస్తాబు

ఆఫీసువాళ్ళు అమర్నాథ్‌కి వీడ్కోలు కానుకగా ఒపేరా టికెట్లు రెండు ఇచ్చారు. పందొమ్మిదేళ్ళుగా పైపులకీ వాల్వులకీ అంకితమైపోయిన ఇంజనీరుకి ఇటలీవాళ్ళ పాటల నాటకం చూపించాలని ఎవరికి బుద్ధి పుట్టిందో ఆ దేవుడికే తెలియాలి. అమర్నాథ్ ఆ కవరు తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టి, "మన పద్యనాటకం లాంటిదేనోయ్. హార్మోనియం ఒక్కటుండదు, అంతే," అన్నాడు. ఆయనకి అంతకు మించి తెలియదు. కామేశ్వరికి అంత కూడా తెలియదు. కానీ టికెట్టు అడుగున, వచ్చేవాళ్ళు హుందాగా ముస్తాబై రావాలని ఇంగ్లీషులో సన్నటి అక్షరాలతో రాసిన ముక్క చదివేసరికి ఆవిడ గుండె గతుక్కుమంది.

ఆ రోజు ఆదివారం. నాటకం గురువారం సాయంత్రం. ఆ పై సోమవారం విమానం. ఫైనల్ ఎగ్జిట్ కాగితాలు కూడా వచ్చేశాయి, అంటే దమ్మామ్‌తో, సౌదీతో ఇంక తెగతెంపులే. ఈ దేశంలో మొగుడూ పెళ్ళాం కలిసి బయటికి వెళ్ళే ఆఖరి సాయంత్రం అదే.

మామూలుగా అయితే కామేశ్వరికి ఇలాంటివి పట్టవు. లోపల ఏదో ఒకటి ఉంటుంది, పైన అబాయా, ఆ నల్లటి పొడుగు అంగీ, తగిలించుకుని పోవడమే. నిజానికి విదేశీ ఆడవాళ్ళు అబాయా వేసుకుని తీరాలన్న పట్టింపు పోయి చాలా ఏళ్ళయింది. దేశం వదిలేసింది గానీ కామేశ్వరి వదల్లేదు. భక్తీ కాదు, భయమూ కాదు, ఒట్టి బద్ధకం. కాంపౌండులో ఉన్న తెలుగు ఆడవాళ్ళందరికీ తెలిసి, మగవాళ్ళెవరూ గమనించని రహస్యం ఒకటుంది. ఎంత హుందాగా కనిపించే అబాయా కిందయినా సరే, లోపలుండేది నైటీయే. కొత్తిమీర కోసం వీధి మలుపులో ఉన్న బకాలా కొట్టుకి వెళ్ళినా, పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళినా, ఆఖరికి పాస్‌పోర్టు పని మీద వెళ్ళినా అంతే. తలుపు వెనక మేకుకి అబాయా, దాని కింద చెప్పులు. కింద కారు హారన్ మోగిన నిమిషంలో ఇల్లాలు తయారు. ఆ సుఖం మరిగాక కుచ్చిళ్ళు పెట్టుకునే ఓపిక ఎవరికుంటుంది?

అలాంటి మనిషికి ఇప్పుడీ ముస్తాబు బెంగ ఎందుకంటే, వారం కిందట ఒక దెబ్బ తగిలింది. పుణేలో చదువుకుంటున్న కూతురు మంజీర, సౌదీ జ్ఞాపకాలతో ఆల్బమ్ చేస్తానని పాత ఫోటోలన్నీ పంపమంది. పంపారు. మర్నాడే ఫోన్ చేసింది. "అమ్మా, మన హాల్లో గోడ మీదున్న తాయిఫ్ ఫోటో ఉంది చూడు, గులాబీ తోటలో నాన్న పక్కన. అందులో ఉన్నది నువ్వు కాదే. ఇస్మత్ ఆంటీ. చేతికి ఎర్రబెల్టు వాచీ చూడు."

కామేశ్వరి కుర్చీ ఎక్కి చూసింది. నిజమే. దమ్మామ్ రాక ముందు జిజాన్‌లో ఉన్న రోజుల్లో పక్క ఫ్లాటు ఇస్మత్ వాళ్ళతో కలిసి తాయిఫ్ వెళ్ళినప్పటి ఫోటో అది. నల్లటి అబాయా, నల్లటి స్కార్ఫు, పువ్వు వైపు తిప్పిన మొహం. ఆ ఫోటో తీసింది కామేశ్వరే అయ్యుండాలి. ఫ్రేము కట్టించిందీ ఆవిడే. పదేళ్ళుగా ప్రతి శుక్రవారం దుమ్ము దులుపుతూ, 'అప్పట్లో ఎంత సన్నగా ఉండేదాన్నో' అని మురిసిపోయిందీ ఆవిడే.

నవ్వుకుంది. మొగుడికి చెప్పి మరీ నవ్వింది. తరువాత మిగతా ఫోటోలన్నీ తిరగేసింది. జిజాన్ సముద్రం ముందు ఒక నల్లటి ఆకారం. దమ్మామ్‌లో సముద్రం పక్క కార్నిష్ రోడ్డు మీద ఒక నల్లటి ఆకారం. పండగలకి ఇంట్లో తీసుకున్నవి ఉన్నాయిగానీ వాటి వెనక ఉన్న తెల్ల గోడ ఏ ఊరిదైనా కావచ్చు. ఈ దేశంలో, ఇంటి గడప అవతల, ఇది కామేశ్వరి అని చెప్పగలిగే ఫోటో ఒక్కటీ లేదు. ఇందులో సౌదీ వాళ్ళని అనడానికేం లేదు, తన బద్ధకాన్నే తిట్టుకోవాలి. తిట్టుకుంది. అయినా వెళ్ళిపోయే లోపల ఒక్క ఫోటో కావాలి, చీర కట్టుకుని, నలుగురూ తిరిగే చోట, తను తనలా కనిపించే ఫోటో. అందుకే ఆ ఒపేరా టికెట్టు చూసి గుండె గతుక్కుమంది.

సోమవారం నాడు చీరల వేట మొదలైంది. మంచి చీరలన్నీ కార్గో పెట్టెలో ఉన్నాయి. పెట్టెకి టేపు చుట్టి, మూడు వైపులా పేరు రాసి, తాడు కట్టి గుమ్మం దగ్గర ఉంచారు.

"ఇప్పుడు దాన్ని విప్పమంటావా?" అన్నాడు అమర్నాథ్ ఏడుపు మొహంతో.

"పైనే ఉన్నాయండీ చీరలు. కొంచెం విప్పితే చాలు," అంది కామేశ్వరి.

చీరలు అన్నిటికన్నా అడుగున ఉన్నాయి. వాటి మీద ఇడ్లీ పాత్ర, మిక్సీ, కుక్కర్లు రెండు. అవన్నీ హాలంతా పరిచాక నెమలికంఠం రంగు ఉప్పాడ పట్టు బయటపడింది. చీరకి వయసు రాలేదు. రవికకి వచ్చింది, లేదా కామేశ్వరికి వచ్చింది. రవిక ఒక భుజం ఎక్కి, రెండో భుజం దగ్గర మొరాయించింది. మంగళవారం కుట్లు విప్పింది. బుధవారం ఇంకో వరస కుట్లు విప్పింది. లోపల ఇంక విప్పడానికి కుట్లు లేవు. చివరికి వేరే చీర తాలూకు బంగారు రంగు రవిక ఒకటి, ఊపిరి బిగబట్టనక్కర్లేకుండా పట్టింది.

ఈ లోపల అమర్నాథ్ ఆఫీసులో కొత్తగా చేరిన కుర్ర ఇంజనీరు భార్య నమ్రత ఫోన్ చేసింది. హైదరాబాదు అమ్మాయి, వచ్చి ఏడాదయింది, అబాయా మొహం ఎరగదు. వాళ్ళకీ టికెట్లున్నాయిట.

"ఏం కట్టుకుంటున్రు ఆంటీ?"

"ఏదో పాత పట్టుచీర ఉందిలేమ్మా," అంది కామేశ్వరి, మూడు రోజుల యుద్ధం మాట పైకి రానీకుండా.

"సూపర్ ఉంటది ఆంటీ! నేనైతే సింపుల్‌గ డ్రెస్ ఏస్కుంటున్న. ఫొటోస్ దిగుదం!"

గురువారం మధ్యాహ్నం చీర ఇస్త్రీ చేసి మంచం మీద పరిచింది. కూర్చుంటే నలుగుతుందని ఆఖరున కట్టుకుందామనుకుంది. నైటీలోనే తల దువ్వుకుంది. నైటీలోనే కాటుక పెట్టుకుంది. మలయాళీ కొట్లో కొన్న మల్లెపూలు నైటీలోనే తురుముకుంది. కాసులపేరు, జుంకాలు, ఆరు గాజులు, అన్నీ నైటీ మీదే. అద్దంలో మెడ దాకా చూసుకుంటే మహారాణిలా ఉంది. మెడ కింద చూసుకునే పని పెట్టుకోలేదు.

అప్పుడు కింద హారన్ మోగింది. వెంటనే ఫోనూ మోగింది. "ఏడున్నరకి తలుపులు మూసేస్తారట! ఒక్క నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరట! దిగు, దిగు!" అని అమర్నాథ్ కేకలు పెట్టాడు.

కామేశ్వరి గ్యాసు కట్టేసింది. పాలు ఫ్రిజ్‌లో పెట్టింది. కిటికీ మూసింది. ఇన్నేళ్ళ అలవాటున చెయ్యి తలుపు వెనక మేకు మీదికి పోయింది, కాళ్ళు చెప్పుల్లోకి పోయాయి. తాళం వేసి, లిఫ్టు కోసం కూడా ఆగకుండా మెట్లు దిగేసింది. మంచం మీద ఉప్పాడ పట్టు ఒక్కతే మిగిలింది.

"బావున్నావోయ్," అన్నాడు అమర్నాథ్ కారులో, జుంకాలు చూసి. కామేశ్వరి సిగ్గుపడింది కూడా.

దమ్మామ్ పక్కనే ధహ్రాన్‌లో ఆ హాలు చూస్తే కళ్ళు చెదిరాయి. రాయిలో తొలిచినట్టున్న గోడలు, ఇంటి కప్పంత ఎత్తున వేలాడే దీపాలు. సూట్లవాళ్ళు, తెల్లటి పొడుగు తోబుల అరబ్బులు, నేల మీద జీరాడే గౌనులవాళ్ళు. లోపలికి వెళ్ళే దారిలో ఒక బల్ల దగ్గర ఆడవాళ్ళు కోట్లూ అబాయాలూ తీసి ఇస్తుంటే, ఫిలిప్పీన్స్ అమ్మాయి వాటిని హ్యాంగర్లకి తగిలిస్తోంది. కామేశ్వరి వంతు వచ్చింది. ఈ క్షణం కోసమే కదా అయిదు రోజుల తపస్సు! నవ్వుతూ, మెడ దగ్గర ప్రెస్ బటన్లు రెండు టప్పుమని విప్పింది.

లోపలి నుంచి పసుపురంగు మీద వంకాయరంగు పువ్వులు తొంగి చూశాయి.

కామేశ్వరి పై ప్రాణాలు పైనే పోయాయి. టప్పుమని మళ్ళీ మూసింది. "చలి... ఇట్ ఈజ్ కోల్డ్," అని ఆ అమ్మాయికి చెప్పి, చెమటలు తుడుచుకుంటూ ముందుకు నడిచింది.

మొదటి భాగం గంటసేపు సాగింది. స్టేజీ మీద ఒక భారీ మనిషి రాగం తీస్తూ ఎందుకో ఏడుస్తోంది. కామేశ్వరికీ ఏడుపొస్తోంది గానీ కారణం వేరు. ఆ నైటీ పొట్ట మీద పొద్దుటి పులిహోర పోపు చుక్కలు కూడా ఉన్నాయని గుర్తొచ్చింది. మతిమరుపా? కాదు. మర్చిపోయేవాళ్ళయితే గ్యాసు మర్చిపోవాలి, పాలు మర్చిపోవాలి. అన్నీ గుర్తుపెట్టుకుని తనని ఒక్కదాన్నే మర్చిపోయింది. ఇంతకంటే తెలివితక్కువ మనిషి ఈ హాల్లో ఇంకొకరుంటే చూపించండి అని ఎవరినైనా అడగాలనిపించింది.

విరామంలో బయటికి రాగానే మొగుణ్ణి ఒక స్తంభం పక్కకి లాగింది. "ఏవండీ, నేను లోపల నైటీలో ఉన్నాను."

"ఏ లోపల?" అన్నాడు అమర్నాథ్. అర్థమయ్యాక ఆయనకి నవ్వు ఆగలేదు. ఆవిడ మొహం చూసి బలవంతంగా ఆపుకున్నాడు. "పోనీలే కామూ, పైన అబాయా ఉందిగా. ఎవరికి తెలుస్తుంది?"

పాపం, ఆయన ఊరడించడానికే అన్నాడు. అదే ఆవిడకి సూటిగా తగిలింది. అవును, ఎవరికి తెలుస్తుంది? పందొమ్మిదేళ్ళు ఎవరికీ తెలియకుండానే గడిచాయి. పిల్లని పెంచింది, రెండు ఊళ్ళు మారింది, రెండు సముద్రాల ఒడ్డున నడిచింది. తన ఫోటోలో ఇంకో మనిషి నిలబడి ఉంటే తనకే తెలియలేదు. కోపం వచ్చింది, మొగుడి మీద కాదు, తన మీదే.

"ఎవరికీ తెలియదండీ. అదే నా బాధ," అంటూ మెడ దగ్గరి బటన్లు విప్పడం మొదలుపెట్టింది.

"కామూ! ఏమిటిది? నలుగురూ చూస్తారు!"

"చూడనివ్వండి. ఇన్నాళ్ళకి చూస్తారు."

అబాయా తీసి ఆయన చేతికిచ్చింది. ఆ పెద్ద దీపాల కింద కామేశ్వరి నైటీలో నిలబడింది, మెడలో కాసులపేరుతో, జడలో మల్లెపూలతో, పొట్ట మీద పోపు చుక్కలతో. భూమి బద్దలవుతుందనుకుంది. బద్దలవలేదు. గ్లాసు పట్టుకుని వెళుతున్న ఒక ముసలి దొర కొంచెం పక్కకి జరిగి దారిచ్చాడు, అంతే. ఎవరూ మూర్ఛపోలేదు.

ఆ హాల్లో నైటీ అంటే ఏమిటో తెలిసిన మనిషి ఒక్కతే ఉంది, ఆ ఒక్కతీ సరిగ్గా అప్పుడే ఎదురొచ్చింది. నమ్రత దగ్గరికొచ్చి, ఎగాదిగా చూసి, గొంతు తగ్గించింది. "ఆంటీ... ఇది నైటీ గద?"

"నైటీయే."

నమ్రత రెండు చేతులతో నోరు మూసుకుంది. కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వి, వెంటనే మెడలో ఉన్న పట్టు స్టోల్ తియ్యబోయింది. "ఇది మీదేస్కోన్రి ఆంటీ. పొట్ట కాడ కవరైతది."

"వద్దమ్మా. మళ్ళీ ఇంకోటి కప్పుకోమంటావా? ఫోటో తియ్యి. ఆ దీపాలు పడాలి. జనం కూడా పడాలి."

నమ్రత ఒక్క క్షణం ఆవిడ మొహంలోకి చూసి, నవ్వడం మానేసింది. నాలుగడుగులు వెనక్కి వేసి, మోకాళ్ళు వంచి, జాగ్రత్తగా తీసింది. అలవాటుగా పక్కన చేరబోయిన అమర్నాథ్‌ని, "మీరాగున్రి అంకుల్, ఆంటీ ఒక్కలే," అని ఆపేసింది.

కామేశ్వరి ఫోన్ తీసుకుని చూసింది. లావుగా ఉంది. కాటుక ఒక కంటికి చెదిరింది. నైటీ గొంతు దగ్గర ఒక బొత్తాం లేదు. కానీ ఈవిడ ఎవరని అడగాల్సిన పని లేదు. జుంకాలు ఊగేలా పకపకా నవ్వుతున్న ఆ యాభై రెండేళ్ళ మనిషిని చూస్తే కామేశ్వరికి చాలా ముద్దొచ్చింది. అమర్నాథ్ కూడా ఫోన్‌లోకి తొంగి చూసి, జేబురుమాలు తీసి కళ్ళజోడు తుడుచుకున్నాడు.

రెండో భాగానికి గంట మోగింది. అమర్నాథ్ అబాయా దులిపి, ఆవిడ చేతులు దూర్చుకోవడానికి వీలుగా పట్టుకున్నాడు.

"మీ దగ్గరే ఉంచండి," అంది కామేశ్వరి. "లోపల చలేస్తే అడుగుతాను."

నైటీ అంచు చెప్పుల కింద పడకుండా ఒక చేత్తో కొంచెం ఎత్తి పట్టుకుని, ఆయన కంటే ముందు నడిచింది.