నల్లగుర్రం మీద జడ

గడియారాల మెకానిక్‌ను ఆ వీధిలో అందరూ నెమ్మదస్తుడంటారు. కంటికి భూతద్దం బిగించుకుని చీమ కాలంత స్క్రూని పట్టకారుతో తిప్పే మనిషి ఇంకెలా ఉంటాడు? కానీ పాత సాహస సినిమాల మాటెత్తితే మాత్రం ఆయనకు పట్టపగ్గాలుండవు. కత్తియుద్ధాలు, తుఫానులో ఓడలు, గుహల్లో నిధులు, గుర్రాల మీద తరుముకోవడాలు. కొత్తవి కాదు, తాతల నాటివి, అటకల మీద తుప్పు డబ్బాల్లో మగ్గిపోతున్నవి. ఫలానా చోట ఒక డబ్బా ఉందట అని గాలికబురు వినిపిస్తే చాలు, రెండు బస్సులు మారైనా వెళ్లేవాడు. పది డబ్బాలు తెరిస్తే తొమ్మిదింటిలో సబ్బుల ప్రకటనలే ఉండేవి. పదోది ఉంది కదా అని ఆయన ధీమా.

ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్లు ఇంకో నలుగురున్నారు. ఆదివారం మధ్యాహ్నం మెకానిక్ ఇంటి ముందుగదిలో చేరి, కిటికీలకు దుప్పట్లు కట్టి, తెల్లగోడ మీద బొమ్మ వేసుకునేవారు. హీరో కందకం దూకుతుంటే యాభై దాటిన పెద్దమనుషులు కుర్చీల్లో కాళ్లు పైకెత్తేవారు. ఆ బృందానికి కట్టుబాటు ఒక్కటే. ఎవరికి ఏ రీలు దొరికినా వచ్చే ఆదివారమే అందరికీ చూపించాలి. ఆ కట్టుబాటు పెట్టిందీ మెకానిక్కే. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత ఆయన చేసిన పని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఈ ఐదుగురూ ఏళ్ల తరబడి వెతుకుతున్న సినిమా ఒకటుంది. దానికి అసలు పేరంటూ ఒకటి ఏడ్చింది గానీ ఎవరూ వాడరు, నల్లగుర్రం సినిమా అంటేనే తెలుస్తుంది. ముసుగు కట్టుకున్న రౌతు విరిగిన వంతెన మీంచి నల్లగుర్రాన్ని దూకించే ఘట్టం అందులో ఉందని అనుకోవడమే తప్ప, వాళ్లలో చూసినవాడు లేడు.

ఒకరోజు మెకానిక్ దుకాణానికి ఒక పెద్దావిడ వచ్చింది, చేతి గడియారానికి పట్టీ మార్పించుకుందామని. కుడికాలు కాస్త ఈడ్చి నడుస్తుంది. గోడ మీది పాత సినిమా పోస్టర్‌లో గుర్రం కేసి చూసి, "ఆ గుర్రానికి కళ్లెం వేయడం రాలేదు నాయనా వాళ్లకి" అంది. మాటలో మాటగా తెలిసిందేమిటంటే, ఆవిడ ఒకప్పుడు సర్కస్‌లో గుర్రాలు తిప్పేది. నల్లగుర్రం సినిమాలో వంతెన దూకింది హీరో కాదు, ఈవిడే.

"ఆ హీరోగారికి గుర్రమంటే చచ్చేంత భయం" అంది. "ఆయన బట్టలు నాకు తొడిగి, ముసుగు కట్టి దూకించారు. గాల్లో ఉండగా తలపాగా జారి నా జడ బయటపడింది. ఇంకోసారి దూకుతానంటే గుర్రం ససేమిరా అంది. ఇంత చిన్నది ఎవరి కంట పడుతుందిలే అని అలాగే ఉంచేశారు."

"తెర మీద చూసుకున్నారా పెద్దమ్మా?"

"ఎక్కడ చూశాను? ఆ దూకుడుకే తుంటి విరిగింది. మంచం దిగేసరికి ఆ సినిమా అన్ని ఊళ్ల నుంచీ వెళ్లిపోయింది. ఇంట్లో చెబితే నవ్వుతారు. నా మనవరాలు ఉంది, ఆసుపత్రిలో నర్సు. నిన్న వంతెన దూకావు, రేపు సముద్రం దూకుతావా అమ్మమ్మా అంటుంది. మంచి పిల్లే. నమ్మదు, అంతే. నీకెప్పుడైనా ఆ రీలు దొరికితే దానికి ఒక్కసారి చూపించు. ఆ జడ దాని కంట పడితే నాకు చాలు."

"దొరికితే మొదటి కబురు మీకే" అన్నాడు మెకానిక్. మనస్ఫూర్తిగానే అన్నాడు, అది నేను కాదనను.

రెండు నెలలు తిరక్కుండానే దొరికింది. బడుల్లోనూ క్లబ్బుల్లోనూ తెర కట్టి చిన్న రీళ్ల సినిమాలు వేసిన ఆపరేటర్ తాత ఒకాయన ఇల్లు మారుతూ మెకానిక్‌కు కబురు పెట్టాడు. అటక మీంచి దించిన డబ్బాల్లో నల్లగుర్రం సినిమా ఆఖరి రీలు ఉంది. మిగతావి ఏమయ్యాయో ఆయనకే తెలియదు. మూత తీయగానే పుల్లటి వాసన గుప్పుమంది.

"వెనిగర్ వాసన పట్టేసింది చూడు" అన్నాడు తాత. "ఇది మొదలైతే ఆగదు. మూత బిగించకు, గాలి తగలనీ. ఈ నెలలోనే ల్యాబులో ఇచ్చి కాపీ తీయించు. మూసిపెట్టావంటే దాని ఆవిరే దాన్ని తినేస్తుంది."

"నాకు చెప్పాలా తాతా" అన్నాడు మెకానిక్. నిజమే, బృందంలో అందరికీ ఆ పాఠం చెప్పేది ఆయనే.

మర్నాడు ఇంట్లో ఎవరూ లేనప్పుడు, పట్టపగలు, ఒక్కడే దుప్పట్లు కట్టుకుని రీలు వేసుకున్నాడు. వెనకనుంచి సైనికులు తరుముతున్నారు. వంతెన సగానికి విరిగి వేలాడుతోంది. రౌతు ఆగలేదు సరికదా, గుర్రం మెడ మీదకి వంగి చెవిలో ఏదో చెప్పినట్టున్నాడు, అంతే, నల్లగుర్రం లేచింది. మెకానిక్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. తలపాగా జారింది. జడ లేచింది. ప్రొజెక్టర్ ఆపి, ఆ ముక్కను వెలుతురుకు పెట్టి, గడియారాలు చూసే భూతద్దంతో లెక్కపెట్టాడు. ఏడు ఫ్రేములు. ఏడింటిలోనూ జడ ఉంది, పెద్దావిడ చెప్పింది పొల్లుపోకుండా నిజం.

లేచి వెళ్లి ఆవిడకు చెప్పాల్సిన మనిషి మళ్లీ కూర్చుని ఇంకోసారి వేసుకున్నాడు. మూడోసారీ వేసుకున్నాడు. ఇది చూసినవాణ్ణి లోకంలో నేనొక్కణ్ణే అనే ఆలోచన అప్పుడు పుట్టింది. ఆ ఆలోచనలో ఎంత తీపి ఉందో ఏమో, దాన్ని ఎవరితోనూ పంచుకోబుద్ధి కాలేదు. ల్యాబువాడి నోట్లో నువ్వుగింజ నానదు, వాడికిస్తే ఊరంతా తెలిసిపోతుంది. ఒక్క నెల నా దగ్గరే ఉంచుకుంటే కొంప మునుగుతుందా అనుకున్నాడు.

కానీ ఆదివారం నలుగురూ వస్తారు. అవి మామూలు ముక్కులు కావు, వీధి చివరనుంచే రీలు వాసన పసిగట్టే ముక్కులు. అందుకని రీలును ఒక రేకుడబ్బాలో పెట్టి, మూత చుట్టూ కొవ్వొత్తి మైనం పోసి, పైన మూడు చుట్లు టేపు వేసి బీరువా అడుగున దాచాడు. మూతలు బిగించకండర్రా అని నలుగురికీ నీతులు చెప్పిన చేతులతోనే ఆ పని చేశాడు.

నెల మూడేళ్లయింది. పెద్దావిడ అప్పుడప్పుడు దుకాణం ముందు ఆగి "ఏమన్నా ఆచూకీ తెలిసిందా నాయనా?" అని అడిగేది. "ఇంకా లేదు పెద్దమ్మా, తిరుగుతూనే ఉన్నాను" అనేవాడు. మొదటిసారి నాలుక తడబడింది. తర్వాత్తర్వాత అలవాటైపోయింది. ఆదివారాల్లో ఎవరైనా నల్లగుర్రం మాటెత్తితే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుని, టీ తెస్తానని లోపలికి పోయేవాడు. ఎప్పటికప్పుడు రేపు బయటపెడదామనే అనుకునేవాడు. కానీ బయటపెడితే ఇన్నాళ్లూ ఎక్కడిదని అడుగుతారు. సిగ్గుతో దాచిందాన్ని ఇంకాస్త సిగ్గుతో ఇంకాస్త లోపలికి తోశాడు.

ఒక పొద్దున దుకాణం తెరిచేసరికి నర్సు బట్టల్లో ఒక అమ్మాయి నిలబడి ఉంది.

"మీరేనా బాబాయ్, మా అమ్మమ్మ కోసం రీలు వెతుకుతున్నది?" అంది. "ఆవిడకి చూపు పోతోంది. కంటి నరం దెబ్బతింది, ఆపరేషన్లతో వచ్చేది కాదన్నారు. ఇంకో రెండు మూడు నెలలు. ఆ సినిమా సంగతి నేనైతే నమ్మను గానీ, మీరు మూడేళ్లుగా ఆవిడ కోసం ఊళ్లు పట్టుకు తిరుగుతున్నారట. సొంతవాళ్లం మేమే పట్టించుకోలేదు. థాంక్స్ చెప్పి ఇది ఇచ్చి రమ్మంది."

భూతద్దం పెట్టుకోవడానికి ఒక గుడ్డసంచి. కుట్లు వంకరటింకరగా ఉన్నాయి. కళ్లు కనబడక తడుముకుంటూ కుట్టిందని చూస్తేనే తెలుస్తోంది. మెకానిక్‌కు తల కొట్టేసినట్టయింది. సంచి తీసుకున్నాడు, ఏదో గొణిగాడు, ఆ అమ్మాయి మలుపు తిరగగానే దుకాణం మూసి ఇంటికి పరుగెత్తాడు.

చాకుతో మైనం కోసి మూత తీశాడు. ఘాటుకు కళ్లు మండాయి. లోపల ఉన్నది రీలు కాదు. చుట్లన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి, వంకర తిరిగి, పైన తెల్లటి పొడి తేలిన గట్టి ముద్ద. గోటితో ఒక చుట్టు లేపబోతే పెళుసుగా విరిగింది. భూతద్దం పెట్టి చూశాడు. బొమ్మ ఉండాల్సిన చోట పొక్కులున్నాయి. గుర్రం లేదు, వంతెన లేదు, జడ లేదు.

ఘాటు వంటింటి దాకా పాకేసరికి భార్య వచ్చింది. "పాత స్ప్రింగులన్నారు కదా ఈ డబ్బాలో?" అని అడిగింది. ఆయన మొత్తం చెప్పాడు.

ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని డబ్బాలోకి వంగి చూసింది. "గడ్డివాము దగ్గర కుక్కైనా కాస్త నయం" అంది. "గడ్డి తిననివ్వదే గానీ పాడుచేయదు."

ఇప్పుడు ఆయన ముందు తేలికైన దారి ఒకటుంది, అది ఆయనకూ తోచింది. రీలు లేదంటే సరిపోతుంది. ఇన్నాళ్లూ అబద్ధం, ఇప్పుడు అక్షరాలా నిజం. పెద్దావిడ ఆయన్ను దీవిస్తూనే చూపు పోగొట్టుకుంటుంది. ఎవరికీ తెలియదు. ఈ మాట భార్యతో అనబోయి, జేబులో ఆ గుడ్డసంచి చేతికి తగిలి ఆగాడు. డబ్బా చంకన పెట్టుకుని బయలుదేరాడు.

పెద్దావిడ కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. మనవరాలు బట్టలు మడత పెడుతోంది. మెకానిక్ కూర్చోకుండానే చెప్పాడు. దొరికిన రోజు నుంచి మైనం దాకా, ఒక్కటీ మింగలేదు. చెబుతున్నంతసేపూ నేలకేసే చూశాడు. మనవరాలి చేతిలో దుప్పటి మడత సగంలో ఆగిపోయింది.

"అయితే నువ్వు చూశావన్నమాట" అంది పెద్దావిడ.

"చూశాను పెద్దమ్మా."

"ఎలా దూకాను, చెప్పు."

చెప్పాడు. గుర్రం చెవిలో గుసగుస, కాళ్లు ముడుచుకున్న తీరు, అవతలి గట్టు మీద లేచిన దుమ్ము. ఎన్నో ఆదివారాలు ఎన్నో సినిమాల కథలు చెప్పిన మనిషి, కానీ ఇంత కష్టపడి ఏదీ చెప్పలేదు. "జడ ఏడు ఫ్రేముల్లో ఉంది" అన్నాడు. "భూతద్దంతో లెక్కపెట్టాను. ఒట్టు."

మనవరాలు దుప్పటి పక్కన పెట్టింది. కోపంగా లేదు. తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది.

"మూడేళ్లూ దొరకలేదన్నారు కదా బాబాయ్. అదీ ఇదే మొహంతోనే చెప్పి ఉంటారు. ఇప్పుడు మా అమ్మమ్మ జడ చూశానంటే నేనెలా నమ్మను?"

మెకానిక్ చంకలోని డబ్బా కేసి చూసుకున్నాడు. లోకంలో పెద్దావిడకు మిగిలిన సాక్షి ఒక్కడే, ఆ సాక్షి మాటకు విలువ లేకుండా చేసుకున్నదీ వాడే.

పెద్దావిడ చెయ్యి చాచింది. ఆయన డబ్బా ఇచ్చాడు. ఆ గట్టిముద్దను వేళ్లతో తడిమి, వాసన చూసి, ఒళ్లో పెట్టుకుంది.

"ఇన్నేళ్లూ ఈ ఇంట్లో అబద్ధాలకోరుని నేనొక్కదాన్నే నాయనా" అంది. "ఇప్పుడు తోడొచ్చావు. కూర్చో."

మెకానిక్ కూర్చున్నాడు.