మిగిలింది అంచొక్కటే

తన నగరానికి బయలుదేరిన దర్జీ ఆవిడకు ప్రభువు చెప్పి పంపినవి రెండే మాటలు. పొద్దు గుంకేలోపు ద్వారం చేరాలి, దారిలో ఎవరి పనీ చేతికి తీసుకోకూడదు. ఓస్, ఇంతేనా అనుకుంది. విందుల వీధి దాటింది, పొగడ్తల వీధి దాటింది, తల కూడా తిప్పలేదు. చివరి వీధిలో మాత్రం కుట్టుమిషన్ల చప్పుడు వినిపించింది.

అక్కడే దొరికిపోయింది. దర్జీలకొక జబ్బుంది. చెప్పిన రోజుకు బట్టలివ్వడం ఒక్కరికీ చేతకాదు గానీ, సగం కుట్టిన గుడ్డ కంటపడితే వదల్లేరు. ఆ సంగతి అక్కడి కుట్టు షాపు యజమానురాలికి బాగా తెలుసు. గుమ్మంలో ఎదురొచ్చి, తెల్ల గౌనొకటి ఆమె చేతిలో పెట్టింది.

"అంతా అయిపోయిందమ్మా, కింద అంచొక్కటే. నీ చెయ్యి పడితే ఎంతసేపు?"

లోపలికి అడుగు పెట్టగానే వెనక తలుపు మూసుకుంది. వరసగా మిషన్లు. మూడో మిషను ముందు అక్క! మూడేళ్ల కిందట ఇదే దారిన బయలుదేరిన సొంత అక్క. పక్క మిషను ఖాళీగా ఉంది. చెల్లెలు కూర్చుని కుట్టడం మొదలుపెట్టింది. జానెడు కుడితే మూరెడు మిగిలింది. కిటికీలో ఎండ ఎర్రబడింది.

"అక్కా, ఇది తెగే వ్యవహారం కాదే. లే, పోదాం."

"సగంలో వదిలేస్తావా? నలుగురూ ఏమనుకుంటారే?" అక్క తల ఎత్తలేదు.

లేవాలని ఉంది, ఈ పాడు చేతులు లేవనివ్వడం లేదు. అక్కను వదిలిపోతే తనూ ఒక మనిషేనా? పోకపోతే ఇక్కడే పుట్టగతులు లేకుండా పోతుంది. "ప్రభువా, నా వల్ల కావడం లేదు, నువ్వే లాగు!" అని గొల్లుమంది. ఒక్కరూ తిరిగి చూడలేదు. ఆ ఏడుపులోనే ఎలా లేచిందో లేచింది. అక్క భుజం పట్టి గుంజింది. విదిలించుకుంది అక్క. మళ్లీ గుంజింది. జాకెట్టు చిరిగింది గానీ మనిషి కదల్లేదు.

గుడ్డను సూది కిందే వదిలేసి, తలుపు తోసుకుని పరుగెత్తింది.

పొద్దు గుంకుతుండగా నగర ద్వారం దగ్గర ప్రభువు ఆమె చేతులు పట్టుకున్నాడు. అవి ఇంకా గుడ్డను ముందుకు తోస్తున్నట్టు కదులుతూనే ఉన్నాయి. ఆయన అరచేతుల్లో మేకుల గాయాలు తగిలాక గానీ ఆగలేదు.

"అక్క అక్కడే ఉండిపోయింది ప్రభువా. నువ్వు ఒక్కసారి పిలిస్తే వస్తుందేమో!"

"మూడేళ్లుగా రోజూ వెళ్లి ఆ తలుపు తడుతూనే ఉన్నానమ్మా," అన్నాడు. ఆయన గొంతు బొంగురుపోయి ఉంది. "మిషన్ల చప్పుడులో వినపడడం లేదు."