తొందర లేని ప్రయాణికుడు

మార్కెట్ దాటినప్పటినుంచీ వెనక హారన్ మోగిస్తూనే ఉన్న ఎర్రకారు, వంతెన దిగేచోట ఎడమవైపు నుంచి దూసుకొచ్చి వ్యాన్ ముక్కు ముందు దూరింది. దూరి, బుద్ధి చెప్పడానికన్నట్టు బ్రేకు కొట్టింది. కారు కిటికీలోంచి ఒక చెయ్యి బయటికొచ్చి గాల్లో గిర్రున తిరిగింది. దాని అర్థం మంచిది కాదు.

డ్రైవరు మెల్లగా బ్రేకు తొక్కాడు. వెనక ఉన్న పెట్టె కదల్లేదు. పెట్టెలో ఉన్న పెద్దాయన నిన్న చనిపోయాడు. ఇప్పుడు శ్మశానానికి వెళ్తున్నాడు.

డ్రైవరు నోరు తెరిచాడు. మూశాడు.

ఆ నోటివల్లే సిటీబస్సు ఉద్యోగం పోయింది. సిగ్నల్ దగ్గర పాలవ్యాన్ వాడెవడో ఏదో అన్నాడని బస్సు దిగి వాడి వెంటపడ్డాడు. తిరిగొచ్చేసరికి బస్సు లేదు. ప్రయాణికుల్లో ఒకాయన, ఆఫీసుకు ఆలస్యమవుతోందని, తనే నడుపుకుంటూ వెళ్లిపోయాడు. ఆయన ప్రతి స్టాపులోనూ ఆపాడని, ఎవర్నీ తిట్టలేదని విచారణలో తేలింది. అదే ఎక్కువ దెబ్బ తీసింది.

ఆ తర్వాత బావమరిది పిలిచి అంతిమయాత్ర వాహనాల ఆఫీసులో పని ఇచ్చాడు. బావమరిది వయసులో చిన్న, హోదాలో ఓనరు. అందుకని గౌరవంగా బెదిరించాడు.

"బావా, పెద్దవాడివి, నీకు చెప్పేంతవాణ్ణి కాదు. ఇంకొక్క ఫిర్యాదు వచ్చిందంటే తాళాలు టేబుల్ మీద పెట్టి, కాఫీ తాగి వెళ్లిపో."

"కాఫీ ఎందుకు?"

"రేపు అక్క అడుగుతుంది కదా. మర్యాద చెయ్యలేదన్న మాట నాకొద్దు."

నల్లరంగు పెద్ద బండి ఇరుసు విరిగి షెడ్డులో ఉంది. ఇవాళ వచ్చింది సాదా తెల్ల వ్యాన్. చూసినవాళ్లు ఫ్రిజ్‌లు మోసే బండి అనుకుంటారు. ఏ బండి అయినా రూలు ఒకటే. మెల్లగా పోవాలి, ఎవర్నీ దాటకూడదు, కిటికీలోంచి మాట్లాడకూడదు.

ముందు సీట్లో పెద్దావిడ కూర్చుంది. పెద్దాయన భార్య. బంధువులు బస్సులో ముందే వెళ్లిపోయారు. కొడుకు దూరపు ఊరినుంచి తిన్నగా శ్మశానానికే వస్తున్నాడట.

"మా ఆయనైతే ఈపాటికి కిటికీలోంచి సగం బయటికొచ్చి ఉండేవాడు" అంది ఆవిడ.

"ఔనా అమ్మా?"

"కాపురం చేసినన్నాళ్లూ ఆయన పక్కసీట్లో కూర్చున్నా. ఎదురొచ్చిన ప్రతివాడి వంశాన్నీ కడిగేవాడు. ఓసారి ఆగి ఉన్న రోడ్డు రోలర్‌ని పట్టుకుని దులిపేశాడు. దాన్లో మనిషి లేడు."

"మరి జవాబెవరు చెప్పారమ్మా?"

"ఎవరూ చెప్పలేదు. ఆ కోపం ఇంటిదాకా మోసుకొచ్చాడు."

ఎర్రకారు మళ్లీ బ్రేకు కొట్టింది. డ్రైవరు చెవులు వేడెక్కాయి. ఆయన బావమరిది టేబుల్‌ని తలుచుకున్నాడు. దాని మీద తాళాలు. పక్కన కాఫీ.

రైల్వే గేటు పడింది. అన్ని బండ్లూ ఆగాయి.

ఎర్రకారు తలుపు తెరుచుకుంది. నిద్రలేని కళ్లు, నలిగిన చొక్కా, నడివయసు మనిషి. విసవిసా నడిచొచ్చి డ్రైవరు పక్క అద్దం మీద గుద్దాడు. పెద్దావిడ మొహం అటువైపు తిప్పేసుకుంది.

డ్రైవరు అద్దం దించాడు.

"ఏరా, రోడ్డు నీ బాబు జాగీరా? బండి నడుపుతున్నావా, నిద్రపోతున్నావా?"

డ్రైవరు రైల్వే గేటు వైపే చూస్తూ కూర్చున్నాడు.

"చెవుడా? బండి వెనక నంబరు చూసి మీ ఆఫీసుకి ఫోన్ చేసేశా. నీ ఉద్యోగం ఊడింది, పో!"

డ్రైవరు చెయ్యి తలుపు పిడి మీదికి వెళ్లింది. ఫిర్యాదు వెళ్లిపోయింది. అంటే తాళాలు పోయినట్టే. ఇంతసేపూ పళ్లు బిగించి కాపాడుకున్నది పోయాక, ఇక ఊరుకోవడానికి కారణం ఏమీ మిగల్లేదు. ఎదురుగా ఉన్నవాడు తనకంటే బక్కగా ఉన్నాడు. గేటు తెరవడానికి ఇంకా టైముంది. అన్నీ కలిసొచ్చాయి.

పిడి సగం తిరిగింది.

ఎందుకో ఆయన చెయ్యి తీసేసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"మీరు ముందు వెళ్లండి సార్" అన్నాడు. "నా వెనకున్నాయనకి తొందరేం లేదు."

"ఎవడు వాడు? వాణ్ణీ దిగమను!"

పెద్దావిడ ఇటు తిరిగింది.

"దిగలేడురా" అంది. "మీ నాన్న."

రైలు వచ్చింది. చాలా పొడుగు గూడ్సు. అది పోయేదాకా ఎవరూ మాట్లాడే వీల్లేకపోయింది. గేటు లేచాక వెనకవాళ్లు హారన్లు మొదలుపెట్టారు. కొడుకు ఇంకా అక్కడే నిలబడి వ్యాన్ వెనక భాగాన్ని చూస్తున్నాడు.

"వెళ్లి కారు పక్కకి తియ్యి. మా వెనకాల రా" అంది తల్లి.

పట్టాలు దాటాక డ్రైవరు అడిగాడు. "అమ్మా, మీకు ముందే తెలుసా?"

"కారు ఎవరిదో తెలీదు. చెయ్యి తిప్పాడు చూశావా, అది మా ఆయన చెయ్యి. వంతెన దగ్గరే పోల్చాను."

"ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"చెబితే మా అబ్బాయని మొహమాటానికి ఊరుకునేవాడివి. ఊరికే ఊరుకునే మనిషి ఉంటాడా అని చూద్దామనిపించింది."

"ఉద్యోగం పోయిందమ్మా."

ఆవిడ అద్దంలో వెనకొస్తున్న ఎర్రకారుని చూస్తోంది.

శ్మశానంలో పెట్టె దింపాక ఫోన్ మోగింది. బావమరిది.

"బావా, ఒకాయన ఫోన్ చేసి నువ్వు మరీ నెమ్మదిగా పోతున్నావని అరిచాడు. కాసేపయ్యాక ఆయనే మళ్లీ చేసి ఏడ్చాడు. ఏం చేశావు ఆయన్ని?"

"ఏం చెయ్యలేదు."

"కొట్టావా?"

"లేదు."

"నిజం చెప్పు బావా. ఏం చెయ్యకుండా అంత మనిషి ఎందుకేడుస్తాడు?"

"వాళ్ల నాన్న పోయాడు."

అవతల బావమరిది రిజిస్టరు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది.

"తాళాలు టేబుల్ మీద పెట్టనా?" డ్రైవరు అడిగాడు.

"సాయంత్రం ఇంకో ట్రిప్పుంది. డీజిల్ పోయించుకుని రా" అని బావమరిది పెట్టేశాడు.

అంతా అయ్యాక పెద్దావిడ తిన్నగా వ్యాన్ దగ్గరికొచ్చింది. అవతల కొడుకు ఎర్రకారు తలుపు తెరిచి పట్టుకుని ఉన్నాడు.

"ఇంటికి దీన్లోనే వస్తా" అంది.

"అమ్మా, ఈ బండిలో వచ్చినవాళ్లని తిరిగి తీసుకెళ్లే పద్ధతి లేదు."

"అది వెనక ఎక్కినవాళ్లకి. నేను ముందు."

ఆ మాటకి ఏ రూలూ అడ్డురాలేదు. డ్రైవరు ఆవిడకి తలుపు తీసి, తనూ ఎక్కాడు. కొడుకు కారు తలుపు నెమ్మదిగా మూసి, వ్యాన్ కిటికీ దగ్గరికి వచ్చాడు. ఈసారి అద్దం మీద వేలితో తట్టాడు.

"డ్రైవరుగారూ, గేటు దగ్గర... ఎలా ఊరుకున్నారండీ?"

డ్రైవరు తాళంచెవి పెట్టాడు.

"నాకూ తెలీదు సార్. కాస్త జరిగితే బండి తీస్తాను."