ఎవరితోనూ పంచుకోని సర్వర్

పిల్లల బట్టలు కుట్టి ఆన్‌లైన్‌లో అమ్మే పెద్ద కోడలికి, సైటు ఎక్కడ పెట్టాలో చెప్పింది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే తోడికోడలే.

"క్లస్టర్ తీసుకో అక్కా. నాలుగైదు మెషీన్లు కలిసి మోస్తాయి. ఒకటి పడిపోయినా మిగతావి ఆదుకుంటాయి."

"అందులో ఇంకా ఎవరెవరి సైట్లో ఉంటాయిగా? ఈ ఇంట్లో బాత్రూం ముందు వరసలో నిలబడలేకే చస్తున్నా. నాకంటూ ఒకటి కావాలి."

పెద్ద కోడలు కదా, మాట నెగ్గాలి! తన ఒక్క సైటుకే ఒక మెషీన్ ఉండే డెడికేటెడ్ సర్వర్ తీసుకుంది. ఆ ఊపులోనే వేరు కాపురమూ పెట్టించింది. సామాను సర్దడానికి తోడికోడలు వస్తే, "నీ సాయం అక్కర్లేదు" అని మొహం మీదే అనేసింది.

సెలవుల అమ్మకాలు మొదలైన పొద్దున సైటు తెరుచుకోలేదు. సర్వర్ అద్దెకిచ్చిన హోస్టింగ్ వాళ్లకి ఫోన్ చేస్తే, "మెషీన్ చెడిపోయింది మేడమ్. బాగయ్యేదాకా ఆగాల్సిందే" అన్నారు.

కొత్త ఇంట్లో బాత్రూం ఎప్పుడూ ఖాళీయే. అందులోకి వెళ్లి, గడియ పెట్టుకుని ఏడ్చింది. ఎవరూ తలుపు తట్టలేదు.

సాయంత్రానికి అభిమానం చంపుకుని తోడికోడలికి ఫోన్ చేసింది.

"సైటు రావట్లేదని పొద్దున్నే చూశానక్కా," అంది తోడికోడలు. "ఫోన్ చేద్దామని తీసి, మళ్లీ పక్కన పెట్టేశాను. అక్కర్లేదన్నావుగా."