పిడుగన్న, అలలరాణి ఒకే అట్టలో

బైండరు తల పట్టుకున్నాడు. చిన్నప్పటి కామిక్సు పంచేసుకుందామని, తన ‘పిడుగన్న’నీ చెల్లెలి ‘అలలరాణి’నీ విడివిడిగా కుట్టమని ఇచ్చింది ఒకావిడ. కళ్లజోడు లేకుండా కూర్చుని రెండూ కలిపి కుట్టేశాడు. అసలే పిడుగన్న సినిమా చూసొచ్చి, “మీవాడు తెరమీద తెల్లమొహం వేశాడు” అని చెల్లెలు అన్నప్పటి నుంచీ ఆ అక్కచెల్లెళ్లకి మాటల్లేవు.

తిట్లకి సిద్ధపడే పుస్తకం చేతికిచ్చాడు. ఆవిడ పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగింది. ఎడమ పేజీలో పిడుగన్న వంతెన మీంచి పడిపోతున్నాడు. కుడి పేజీలో అలలరాణి చేతులు చాచి పైకి చూస్తోంది.

“విప్పేసి మళ్లీ కుడతానమ్మా.”

“ముట్టుకుంటే ఊరుకోను,” అంటూ ఆవిడ చెల్లెలికి ఫోన్ కలిపింది.

“ఒసేయ్, మావాడు పడిపోతుంటే మీ రాణి పట్టుకుందే.”