మునెమ్మ సంచి బోర్లించిన రోజు

తన పెళ్లికి చేయనిచ్చిన నెక్లెస్ చూసుకుందామని అవ్వను వెంటబెట్టుకుని సింహాద్రిపురం నుంచి ప్రొద్దుటూరు వచ్చింది శిల్ప. తీరా వస్తే నగల అంగడిలో పళ్లెంలోని ఉంగరం ఒకటి కనిపించకుండా పోయింది.

పళ్లెం చుట్టూ కూర్చున్నది ముగ్గురు. శిల్ప, అవ్వ మునెమ్మ, తెగిన గొలుసు అతికించుకోవడానికొచ్చిన నీమా. నీమాది టాంజానియా, పులివెందులలో ఇంజనీరింగ్ చదువుతోంది, తెలుగు బాగానే పట్టుబడింది. యజమాని నారాయణ కళ్లు ఇంకెటూ పోలేదు, నేరుగా ఆ పిల్ల మీదే వాలాయి.

“ఏయ్, బ్యాగు తెరువు!” అని అరిచాడు.

అంగడంతా ఇటు తిరిగింది. ఒకడైతే వీడియో తీయడానికి ఫోను కూడా ఎత్తాడు, వాడి బుద్ధి కాల! నీమా బ్యాగును గుండెలకు అదుముకుంది.

“ఉండప్పా,” అంది మునెమ్మ. “పళ్లెం ముందర నేను గూడ కూర్చోనుండా కదా. ముందు నా సంచి చూడు.”

“అయ్యో పెద్దమ్మా! మీ సంచి మేం చూస్తామా?”

“ఏంటికి చూడవు? రంగు చూసి దొంగను పడతాండావా?”

“ఊరుకో అవ్వా, మన నెక్లెస్ ఈయన చేతిలోనే ఉంది,” అని గొణిగింది శిల్ప. అవ్వ వింటేనా! సంచిని గాజుబల్ల మీద బోర్లించేసింది. వక్కాకు తిత్తి, నొప్పుల మందు, మడిచిన లోపావడా అన్నీ పడ్డాయి. ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వుకు శిల్ప ఒళ్లు మండింది. తన హ్యాండ్‌బ్యాగు కూడా బోర్లించింది.

చేసేది లేక నారాయణ పళ్లెం ఎత్తి దులిపాడు. మఖమలు గుడ్డ కింది నుంచి ఉంగరం జారిపడింది.

వెంటనే కూల్‌డ్రింకులొచ్చాయి. నీమాకు శాలువా కప్పి ఫోటో తీయిస్తానన్నాడు మహానుభావుడు. మునెమ్మ సరేననబోయి నాలుక కరుచుకుంది.

“నేనెవరు చెప్పేదానికి? నీకేం కావల్లమ్మా?” అని నీమానే అడిగింది.

“అందరి ముందు అడిగారు. అందరి ముందు చెప్పాలి,” అంది నీమా.

నారాయణ చేతులు జోడించాడు. “తప్పయిపోయింది పెద్దమ్మా.”

“నాకేంటికి చెప్తాండావు? ఆ పిల్లకు చెప్పు.”

అతడు నీమా వైపు తిరిగి ఏదో సణిగాడు.

“వినపడలేదు,” అంది నీమా. “బ్యాగు తెరువు అన్నప్పుడు గట్టిగా అన్నారు.”

ఈసారి మునెమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. ఊరందరికీ ఎదురు మాట్లాడే అవ్వ అలా పక్కన ఊరకే నిలబడి ఉంటే, శిల్పకు ఆమె కాళ్లకు మొక్కాలనిపించింది. నారాయణ గొంతు సవరించుకుని, వీధి దాకా వినపడేలా నీమాను క్షమాపణ అడిగాడు.