కొండబల్లి కాన్పు

మా వదిన బల్లుల డాక్టరు. ఆ మాట చెబితే కొత్తవాళ్లు ముందు నవ్వుతారు, తర్వాత కాస్త ఎడంగా జరిగి కూర్చుంటారు. ఆమె ల్యాబులో నేను సహాయకురాలిని. పేరుకే. గాజుపెట్టెల మీద నన్ను కూడా చెయ్యి వెయ్యనివ్వదు. మేత వేసేదీ తనే, తుడిచేదీ తనే. అంత చాదస్తం.

అక్కడ రెండు రకాల బల్లులుండేవి. చూడ్డానికి అచ్చం ఒకటే. మైదానం బల్లి వెచ్చటి మట్టిలో గుడ్లు పెట్టి తన దారిన తను పోతుంది. కొండమీద మట్టి చలికి గడ్డకట్టుకుపోయి ఉంటుంది, అందులో పెట్టిన గుడ్డు దక్కదు. అందుకే గుడ్లను కడుపులోనే ఇంకొన్నాళ్లు దాచుకుని, ఎండ ఎక్కడుంటే అక్కడికి మోసుకు తిరిగిన తల్లుల సంతానమే ఆ కొండల్లో మిగిలింది. తరాలు గడిచేకొద్దీ పెంకు పల్చబడింది. చివరికి గుడ్లకి బదులు పిల్లలే పుట్టడం మొదలైంది.

మా ల్యాబులో కొండబల్లి కడుపుతో ఉండటం అదే మొదటిసారి. వదిన ఏళ్ల తరబడి కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసిన కాన్పు అది.

"అన్నయ్యకి జ్వరమొచ్చినా నువ్వింత కంగారు పడలేదు వదినా."

"మీ అన్నయ్య కడుపుతో లేడుగా."

మైదానం బల్లి కూడా అప్పుడు నిండు కడుపుతోనే ఉంది. గడువు దాటినా గుడ్లు పెట్టలేదు. లోపల ఇరుక్కున్నాయేమోనని, అవి బయటపడటానికి వదిన ఇంజక్షన్ చేసింది.

కాసేపటికి వచ్చినవి గుడ్లు కావు. పల్చటి పొరల్లో ముడుచుకున్న పిల్లలు. కాలివేళ్లు కూడా ఏర్పడ్డాయి, నెలలు మాత్రం నిండలేదు. ఇంజక్షన్ పడాల్సిన బల్లి పక్క పెట్టెలో ఉంది. ఆ పొద్దున పెట్టెలు తుడిచి, బల్లులు రెండింటినీ తారుమారుగా పెట్టింది వదినే.

 ఆమె గబగబా పొరలు చీల్చి పిల్లల్ని అరచేతిలోకి తీసుకుంది. ఒకటి మాత్రం కాసేపు గిలగిలా కొట్టుకుని ఆగిపోయింది, మిగతావి కదలనే లేదు. నాకు ఏడుపు ఆగలేదు. ఏ చలికీ వదలకుండా కడుపులో దాచుకున్న పిల్లల్ని, ఇంత వెచ్చటి గదిలో మేమే లాగేసుకున్నాం.

"ఇక ఇటివ్వు వదినా."

ఆమె గుప్పిట మూసుకుంది.

"ఉండు. ఇంకా వెచ్చగానే ఉన్నాయి."

ఆ వేడి తన చేతిదేనని చెప్పడానికి నాకు నోరు రాలేదు.